రాక్ ఫాస్ఫేట్ వేసి రెండేళ్ళయింది, భాస్వరం జాడ లేదు

విభాగం: నేల, ఎరువులు

ఎర్రనేల_రెండెకరాలు · జూన్ 14, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, మనసు దొడ్డబళ్ళాపురం దాటాక ఉన్న రెండెకరాల ఎర్రనేలలో. అనంతపురం దగ్గర మా ఊళ్ళో నన్ను శనివారం రైతు అని పిలుస్తారు. ఆ సంగతి వదిలేయండి.

రెండేళ్ళ క్రితం మట్టి పరీక్షలో భాస్వరం 14 అని వచ్చింది. తక్కువగా ఉందనుకుని, డీఏపీ (నీటిలో కరిగే రసాయన భాస్వరం ఎరువు) జోలికి పోకూడదని పట్టుబట్టి, తొలకరికి ముందు 8 బస్తాల రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతిపొడి) చల్లి దున్నించాను. మొత్తం 400 కిలోలు. మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే 8. నమ్మలేక అదే సంచిలోని మట్టిని ఇంకో ప్రయోగశాలకు ఇస్తే 18. వేసిన ఎరువు తగ్గడమేమిటి, ఒకే మట్టికి రెండు లెక్కలేమిటి?

టమాటా మొక్కలు గిడసబారి ఉన్నాయి, ఆకుల అడుగున ఊదారంగు. షెడ్డులో ఇంకా 3 బస్తాలు మిగిలాయి. అవి కూడా వేసేయమంటారా?

సూటిమాట · జూన్ 14, రాత్రి 11:05

రాయి వేస్తే రాయిలాగే ఉంటుంది. డీఏపీ బస్తా 1,350 రూపాయలు, అందులో 46 శాతం పీ2ఓ5 (ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం), అంటే 23 కిలోలు. మీ రాక్ ఫాస్ఫేట్‌లో 18 శాతం అనుకున్నా బస్తాకు 9 కిలోలే, అదీ కరిగితే. ఇందులో చర్చించడానికి ఏముంది?

ఆవుపేడ_చాలు · జూన్ 15, ఉదయం 6:10

రెండూ అక్కరలేదు. మన నేలలో భాస్వరం ఎప్పటినుంచో ఉంది. దాన్ని మొక్కకు అందించే జీవులు కరవయ్యాయి, అంతే. జీవామృతం (పేడ, మూత్రం, బెల్లంతో చేసే ద్రావణం) పారించండి, ఆచ్ఛాదనగా గడ్డి, ఆకు కప్పండి. బస్తాల లెక్కలు మానేయండి.

కోలారు_రాగి · జూన్ 15, ఉదయం 6:48

బాబూ, ముందు ఒక మాట చెప్పు. ఆ రెండేళ్ళలో నేలకు ఇంకేమేమి వేశావు? రాయి ఒక్కటే వేసి ఊరుకున్నావా? నీళ్ళు ఎక్కడివి?

పరీక్షనాళిక · జూన్ 15, ఉదయం 9:20

కోలారు రాగి గారు అడిగిన దానికి జవాబు వచ్చేలోపు రెండు లెక్కల సంగతి తేలుద్దాం.

మీ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి ఆ అంకెల పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. ఒకటి హెక్టారుకు ఇన్ని కిలోల భాస్వరం అని, రెండోది ఇన్ని కిలోల పీ2ఓ5 అని ఇచ్చి ఉంటాయి. భాస్వరాన్ని 2.29తో గుణిస్తే పీ2ఓ5 వస్తుంది. 8ని గుణించి చూడండి, 18 దాటుతుంది. రెండు ప్రయోగశాలలూ ఒకే మాట చెప్పాయి. భాస్వరంగా చూస్తే 10 లోపు, పీ2ఓ5గా చూస్తే 23 లోపు తక్కువ కిందికే వస్తుంది. మీ మట్టి ఏ లెక్కన చూసినా తక్కువే.

పాత 14 మీద నాకు వేరే అనుమానం ఉంది. అప్పటి పరీక్ష ఏ పద్ధతిలో చేశారు? బ్రే అని ఉందా, ఓల్సెన్ అని ఉందా? అప్పటి పీహెచ్ (నేల పులుపు కొలత, 7 కంటే తగ్గేకొద్దీ పులుపు) ఎంత, ఇప్పుడెంత?

ఎర్రనేల_రెండెకరాలు · జూన్ 15, మధ్యాహ్నం 1:15

మీరు చెప్పినట్టే ఉంది! ఒక కాగితంలో పీ, రెండోదాంట్లో పీ2ఓ5. రెండు రోజులు నిద్ర పాడుచేసుకున్నది దీనికా.

పాత కాగితం: బ్రే పద్ధతి, పీహెచ్ 5.6. కొత్తవి రెండూ: ఓల్సెన్, పీహెచ్ 7.3.

కోలారు రాగి గారూ, ఆ ఏడాదే నేల పుల్లగా ఉందని ఎకరాకు 500 కిలోల చొప్పున వ్యవసాయ సున్నం కూడా వేయించాను. రాక్ ఫాస్ఫేట్‌తో పాటే, ఒకే దుక్కిలో కలిసిపోతుందని. నీళ్ళు బోరువి, డ్రిప్. ఇంటి కెటిల్లో అడుగున తెల్లటి పొర కడుతుంది.

కోలారు_రాగి · జూన్ 15, మధ్యాహ్నం 1:31

అదీ సంగతి. ఒక చేత్తో అన్నం పెట్టి ఇంకో చేత్తో నోరు మూశావు.

పరీక్షనాళిక · జూన్ 15, రాత్రి 9:40

కోలారు రాగి గారు ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను అదే మాటను లెక్కల్లో చెబుతాను, ఓపిక ఉన్నవారు చదవండి.

రాక్ ఫాస్ఫేట్‌లో ఉండే ఖనిజం అపటైట్, ఎక్కువగా ఫ్లోరపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, కాస్త ఫ్లోరిన్ గట్టిగా అల్లుకున్న స్ఫటికం. నీటిలో కరగదు. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు దాన్ని విప్పాలి. ఒక ఫ్లోరపటైట్ అణువుకు 12 హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతాయి. కిలోల్లో చెబితే, స్వచ్ఛమైన కిలో అపటైట్ పూర్తిగా విడిపోవడానికి కావలసిన ఆమ్లంతో దాదాపు 600 గ్రాముల సున్నపురాయిని కరిగించవచ్చు.

మీ 400 కిలోలు 18 శాతం సరుకే అనుకుందాం. అందులో 72 కిలోల పీ2ఓ5. స్వచ్ఛమైన అపటైట్‌లో పీ2ఓ5 42 శాతం కాబట్టి అపటైట్ సుమారు 170 కిలోలు ఉంటుంది. అది విడిపోవడానికి సుమారు 100 కిలోల సున్నానికి సరిపడా ఆమ్లం చాలు. మీరు వేసిన సున్నం 1,000 కిలోలు. రాయికి కావలసిన ఆమ్లం కంటే పదింతల ఆమ్లాన్ని సున్నం ముందే తినేసింది.

అంతటితో అయిపోలేదు. మీ బోరు నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉందనుకోండి (కెటిల్ సంగతి వింటే ఇంకా ఎక్కువే ఉండవచ్చు). ప్రతి పది లక్షల లీటర్ల నీటితో దాదాపు 250 కిలోల సున్నంతో సమానమైనది నేలలోకి దిగుతుంది. రెండెకరాల కూరగాయలకు వేసవిలో నెల, నెలన్నరలో అన్ని నీళ్ళు పారతాయి. మీకు తెలియకుండా ప్రతి నెలా సున్నం వేస్తూనే ఉన్నారన్నమాట. 5.6 నుంచి 7.3కు ఊరికే రాలేదు.

ఇక ఆ 14, ఈ 8 గురించి. బ్రే పుల్లటి నేలలకు తగిన పద్ధతి, ఆమ్లపు ద్రావకం. ఓల్సెన్ తటస్థ, క్షార నేలలకు తగినది, 8.5 పీహెచ్ ఉన్న సోడియం బైకార్బొనేట్ ద్రావకం. రెండూ వేర్వేరు కొలబద్దలు. గజాల్లో కొలిచి 14 అన్నదాన్నీ మీటర్లలో కొలిచి 8 అన్నదాన్నీ పోల్చి తగ్గిందనడం కుదరదు. పైగా కరగని అపటైట్ జోలికి ఓల్సెన్ ద్రావకం పోదు. మీ రాయి ఎక్కడికీ పోలేదు, పొలంలోనే ఉంది. కనిపించడం లేదు, అంతే.

సూటిమాట · జూన్ 15, రాత్రి 10:02

పొలంలోనే ఉన్నా మొక్కకు అందనప్పుడు లాభమేమిటి? నేనన్నదీ అదే కదా.

కాఫీగింజ · జూన్ 16, ఉదయం 7:25

సూటిమాట గారూ, సకలేశపురం దగ్గర మా కాఫీ తోటలో ఏళ్ళ తరబడి రాక్ ఫాస్ఫేటే వేస్తున్నాం. కాఫీ, తేయాకు, రబ్బరు తోటల్లో ఇది కొత్తేమీ కాదు. మా నేల పీహెచ్ 5.2. వానలకు కాల్షియం కిందికి కొట్టుకుపోతూ ఉంటుంది, ఆకు రాలి కుళ్ళుతూ ఉంటుంది, చెట్టు ఏడాది పొడవునా వేరుతో పీలుస్తూనే ఉంటుంది. రాయి నెమ్మదిగా కరిగినా మాకు తొందర లేదు. డీఏపీ వేస్తే మా ఎర్రమట్టిలోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి.

రాయిది తప్పు కాదు. చోటు తప్పు.

పరీక్షనాళిక · జూన్ 16, ఉదయం 9:05

కాఫీగింజ గారు చెప్పినదాంట్లో పాఠమంతా ఉంది, కాస్త విప్పుతాను. ఆమ్లం ఒక్కటే చాలదు. అపటైట్ కరిగితే కాల్షియం, ఫాస్ఫేట్ వస్తాయి. ఆ రెండూ అక్కడే పోగుపడితే మిగిలిన రాయి కరగడం మానేస్తుంది, చిక్కటి పాకంలో పంచదార కరగనట్టు. కాల్షియాన్ని వాన కడిగేయాలి, లేదా సేంద్రియ ఆమ్లాలు పట్టుకోవాలి. ఫాస్ఫేట్‌ను వేరు ఎప్పటికప్పుడు లాగేసుకోవాలి. కాఫీగింజ గారి మలెనాడు కొండల్లో ఈ మూడూ జరుగుతాయి. మన మైదానంలో, అదీ బోరు కింద, మూడూ కుంటుపడతాయి.

రాళ్ళలో కూడా తేడా ఉంది. స్ఫటికంలో ఫాస్ఫేట్ స్థానంలో కార్బొనేట్ ఎక్కువగా దూరిన రాయి తేలికగా విడిపోతుంది. ట్యునీషియాలోని గఫ్సా, పెరూలోని సెచూరా రాళ్ళు అలాంటివి. మన దేశపు రాళ్ళు చాలావరకు మొండివి. ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్ర గని మనకు పెద్ద దిక్కు, అక్కడి నాసిరకం ఖనిజంలో డోలమైట్ కూడా కలిసి ఉంటుంది. డోలమైట్ అంటే మళ్ళీ ఆమ్లాన్ని తినేదే.

మిద్దెతోట · జూన్ 16, ఉదయం 11:30

నా ప్రశ్న చిన్నదే, నవ్వకండి. జయనగర్‌లో మూడో అంతస్తు మిద్దె, నలభై కుండీలు, కొబ్బరిపొట్టు మిశ్రమం. ఎముకల పిండికి బదులు రాక్ ఫాస్ఫేట్ వేయవచ్చా? దానితో పాటు మైకోరైజా పొడి కూడా కొన్నాను. తోటకూర, పాలకూర ఎక్కువ వేస్తాను.

పరీక్షనాళిక · జూన్ 16, మధ్యాహ్నం 12:10

నవ్వడమెందుకండీ, మంచి ప్రశ్న. కుండీలో పంట కాలం రెండు నెలలు, రాయి కరగడానికి అంత సమయం చాలదు. ఆవిరి పట్టిన ఎముకల పిండి దానికంటే త్వరగా లొంగుతుంది, అదే కొనసాగించండి.

మైకోరైజా డబ్బు మాత్రం వృథా. ఆ శిలీంధ్రం చాలా మొక్కల వేళ్ళతో స్నేహం చేస్తుంది కానీ ఆవ, క్యాబేజీ కుటుంబంతోనూ, తోటకూర, పాలకూరల కుటుంబంతోనూ పొత్తు కుదరదు. వంగ, టమాటా, మిరప కుండీలకు వాడండి.

మిద్దెతోట · జూన్ 16, మధ్యాహ్నం 12:18

అమ్మిన అబ్బాయి ఆకుకూరలకు బ్రహ్మాండం అని చెప్పాడు! సరే, వంకాయలకు పోస్తాను.

ఆవుపేడ_చాలు · జూన్ 16, సాయంత్రం 5:45

నా మాటకు ఎవరూ జవాబివ్వలేదు. నేలలో భాస్వరం బోలెడు ఉందా లేదా? ఆ జీవులు దాన్ని కరిగిస్తాయా లేదా?

పరీక్షనాళిక · జూన్ 16, రాత్రి 9:15

ఉంది. హెక్టారు పైపొర మట్టి బరువు సుమారు 22.4 లక్షల కిలోలని లెక్క వేస్తారు. అందులో 0.05 శాతం భాస్వరమున్నా 1,100 కిలోలు దాటుతుంది. బావి నిండా నీళ్ళున్నాయి, చేంతాడు పొట్టిది. మీరు చెప్పే సూక్ష్మజీవులు ఆ చేంతాడే, కాదనను. బాసిల్లస్, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియాలు, ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం వంటి బూజులు గ్లూకోనిక్, సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు వదిలి ఫాస్ఫేట్‌ను విడిపిస్తాయి.

రెండు చిక్కులున్నాయి. ప్రయోగశాల గాజుపళ్ళెంలో ఆ బ్యాక్టీరియా చుట్టూ తెల్లటి ఫాస్ఫేట్ కరిగి పారదర్శకమైన వలయం ఏర్పడుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అక్కడ పెట్టేది సాధారణంగా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, అపటైట్ కంటే చాలా మెత్తనిది. తినడానికి చక్కెర కావలసినంత ఇస్తారు. పొలంలో చక్కెర ఎవరు పోస్తారు? సున్నం నిండిన నేల ఆ కాస్త ఆమ్లాన్నీ పుట్టిన చోటే మింగేస్తుంది. అందుకే పళ్ళెంలో గెలిచినదల్లా పొలంలో గెలవదు.

రెండోది, ప్రతి టన్ను ధాన్యంతో సుమారు 3 కిలోల భాస్వరం బండెక్కి పోతుంది. బావి ఎంత పెద్దదైనా ఊట ఉండాలి కదా. పేడతో కొంత తిరిగొస్తుంది, ఆ పేడ ఎక్కడి మేత తిన్న ఆవుదన్నదే ప్రశ్న.

ఆవుపేడ_చాలు · జూన్ 16, రాత్రి 9:50

మొదటి చిక్కుకు మందు సేంద్రియ పదార్థమే. చక్కెర పోసేది వేరు, ఆచ్ఛాదన. రెండోది ఆలోచించాల్సిందే, ఒప్పుకుంటున్నాను.

కోలారు_రాగి · జూన్ 17, ఉదయం 6:30

మా నాన్న కాలంలో ఇంత శాస్త్రం తెలియదు. రాగిలో ప్రతి ఎనిమిది, పది సాళ్ళకు ఒక సాలు కంది, అనుములు వేసేవాళ్ళు. మా వైపు కన్నడంలో దీన్ని 'అక్కడి సాలు' అంటారు. రాగి కోసుకున్నాక కంది నిలబడి ఉండేది, ఆకు రాల్చేది. మరుసటి ఏడు ఆ సాలు మీద రాగి నల్లగా, ఏపుగా వచ్చేది. ట్రాక్టరుకు అడ్డమని మానేశారు.

పరీక్షనాళిక · జూన్ 17, ఉదయం 8:55

దీనికి శాస్త్రమూ ఉందండీ. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తలు, సహచరులు 1990లో సైన్స్ పత్రికలో రాశారు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనేదాన్ని వదులుతుంది. అది ఎర్రనేలలో ఇనుమును పట్టుకుని, ఇనుముతో ముడిపడిన ఫాస్ఫేట్‌ను విడిపిస్తుంది. జొన్న, సోయా వంటివాటికి అందని భాస్వరం కందికి అందుతుంది, రాలిన ఆకుతో తర్వాతి పంటకు చేరుతుంది.

కానీ ఒక జాగ్రత్త. కంది విడిపించేది ఇనుము దగ్గరున్నదాన్ని. ఎర్రనేల గారు వేసిన రాయిలో భాస్వరం కాల్షియంతో ముడిపడి ఉంది. కంది వేయగానే 8 బస్తాలూ కరుగుతాయని ఆశపడవద్దు. నేలలో అంతకుముందే ఇనుము పట్టేసుకున్న భాస్వరం బయటికొస్తుంది, రాయి తన వంతు కోసం ఆగుతుంది. అయితే నత్రజనిని గాలి నుంచి తీసుకునే పప్పుజాతి మొక్కలన్నీ వేరు పక్కన కొద్దిగా పులుపు పుట్టిస్తాయి, కాబట్టి రాయికీ ఎంతో కొంత మేలే.

ఎర్రనేల_రెండెకరాలు · జూన్ 17, రాత్రి 10:20

తల తిరుగుతోంది కానీ విషయం పట్టుబడుతోంది. మరి ఇప్పుడు నేలను మళ్ళీ పుల్లగా చేయడానికి గంధకం వేయనా?

పరీక్షనాళిక · జూన్ 17, రాత్రి 10:44

1,000 కిలోల సున్నానికి విరుగుడుగా 320 కిలోల గంధకం కావాలి. బోరు నీరు ఆ పుణ్యాన్ని మళ్ళీ కడిగేస్తుంది. వద్దు.

పొలమంతా మార్చే ఆలోచన వదిలేసి వేరు చుట్టూ జానెడు మట్టిని పట్టించుకోండి. ఈ పంటకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తీసుకోండి, 16 శాతం పీ2ఓ5, గంధకమూ కలిసి వస్తుంది. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, మొక్క వరుసకు పక్కన సన్నటి గీతలా వేయండి. చల్లవద్దు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కరిగే ఎరువు మట్టికి ఎంత తక్కువ తగిలితే అంత మంచిది, తగిలిన చోటల్లా మట్టి పట్టేసుకుంటుంది. అందుకే గీతలా వేయాలి. రాక్ ఫాస్ఫేట్ ఇందుకు సరిగ్గా ఎదురు. ప్రతి రేణువుకూ పుల్లటి మట్టి తగలాలి, అందుకే మెత్తటి పొడి చేసి, చల్లి, దున్నాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కూడా పొడిలో 90 శాతం 0.15 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలంటుంది. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే రెండూ చెడతాయి.

సూటిమాట · జూన్ 17, రాత్రి 11:00

చివరికి సూపర్ దగ్గరికే వచ్చారు. సూపర్ అంటే ఏమిటి? అదే రాయిని పొలంలో కాకుండా కర్మాగారంలో గంధకామ్లంతో కరిగించినది. ఇంగ్లండులో లాస్ 1842లో పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో మొదట 1906లో, మనం చెన్నై వెళ్ళే దారిలోని రాణిపేటలో తయారైంది. ఆమ్లం ఎక్కడ పోస్తారన్నదే తేడా.

కాఫీగింజ · జూన్ 17, రాత్రి 11:12

ఈ చర్చలో మీరు రాసిన అత్యుత్తమ వాక్యం ఇదే, సూటిమాట గారూ. మా తోటలో ఆమ్లం దేవుడు పోస్తున్నాడు, మీరు డబ్బిచ్చి పోయించుకుంటున్నారు.

మిద్దెతోట · జూన్ 18, ఉదయం 10:15

బెళ్ళందూరు చెరువు నురగకు కూడా ఫాస్ఫేట్లే కారణమని చదివాను. నగరంలో ఎక్కువై నురగ, పొలంలో తక్కువై ఊదారంగు ఆకులు. మన డిటర్జెంటు నీళ్ళు దొడ్డబళ్ళాపురం పంపిద్దామా?

నిర్వాహకుడు · జూన్ 18, ఉదయం 10:40

చెరువుల సంగతికి వేరే చర్చ తెరవండి, దయచేసి. ఇక్కడ నేలకే పరిమితమవుదాం. (ఆలోచన మాత్రం పూర్తిగా వెర్రిది కాదు.)

కోలారు_రాగి · జూన్ 18, రాత్రి 7:55

ఎర్రనేల బాబూ, నీ పొలంలో సున్నం పడని చోటు, బోరు నీరు తగలని చోటు ఏదైనా ఉందా? రాయి పడి సున్నం పడని మూల ఒక్కటి దొరికినా చాలు.

ఎర్రనేల_రెండెకరాలు · జూన్ 18, రాత్రి 8:30

ఉంది! ఈశాన్యం మూల బండరాళ్ళ గుట్ట పక్కన పది సెంట్లు. సున్నం ట్రాక్టరు అక్కడికి పోలేదు, డ్రిప్ పైపూ వేయలేదు. రాక్ ఫాస్ఫేట్ మాత్రం నేనే చేత్తో చల్లాను, మిగిలిన చోట్ల చల్లినంతే. రెండేళ్ళుగా వాన మీద రాగి, కందే వేస్తున్నాం.

పరీక్షనాళిక · జూన్ 18, రాత్రి 8:33

ఆ మట్టి పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి. ప్రయోగశాల మార్చవద్దు, పద్ధతి ఓల్సెన్ అనే చెప్పండి, మళ్ళీ గజాలూ మీటర్లూ కాకుండా. ఒకే చోటు నుంచి కాదు, ఏడెనిమిది చోట్ల జానెడు లోతున తీసి కలపండి.

ఎర్రనేల_రెండెకరాలు · జూలై 2, సాయంత్రం 6:05

వచ్చింది. పీహెచ్ 5.8. భాస్వరం 17. పీ2ఓ5 కాదు, భాస్వరమే, రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. సున్నం పడిన చోట 8.

కాఫీగింజ · జూలై 2, సాయంత్రం 6:20

రాయి పలికింది!

పరీక్షనాళిక · జూలై 2, రాత్రి 9:00

సంతోషం. అయినా పూర్తిగా రాయికే కట్టబెట్టవద్దు. ఆ మూలలో కంది ఉంది, కూరగాయల్లా ఏడాదికి రెండు మూడు పంటలు తీయలేదు. రాయి వేయని పది సెంట్లు కూడా పక్కనే ఉంటే అప్పుడు గట్టిగా చెప్పగలిగేవాళ్ళం. కానీ మీ రెండెకరాల మీద ఏం చేయాలో తేల్చుకోవడానికి ఇది చాలు.

నేనైతే ఇలా చేస్తాను. బోరు కిందున్న కూరగాయలకు సూపర్, పశువుల ఎరువు కలిపి గీతలో. నత్రజని అవసరమైతే అమోనియం సల్ఫేట్ రూపంలో, వేరు పక్కన పులుపు పుడుతుంది. వాన మీద బతికే భాగంలో సున్నం ఇక వద్దు. అల్యూమినియం వేళ్ళను దెబ్బతీసేంత పులుపు వస్తే తప్ప 5.6కు భయపడాల్సిన పని లేదు, రాగి తట్టుకుంటుంది. ఎప్పుడైనా సున్నం తప్పదనిపిస్తే, రాయి వేసిన కొన్ని నెలల తర్వాత వేయండి, కలిపి కాదు.

సూక్ష్మజీవుల మీద నమ్మకముంటే మీ దారిలోనే హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే సూక్ష్మజీవుల మిశ్రమం అక్కడ దొరుకుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో మాత్రం పెట్టకండి. ఎరువుల చట్టం గ్రాముకు 5 కోట్ల కణాలు ఉండాలంటుంది, మీ డిక్కీ ఒక్క మధ్యాహ్నంలో వాటిని సున్నా చేస్తుంది.

ఎర్రనేల_రెండెకరాలు · జూలై 2, రాత్రి 9:25

డిక్కీ సంగతి మీకెలా తెలిసింది? పోయిన ఏడాది కొట్టులో కొన్న పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) పొట్లాలు వారం రోజులు అందులోనే ఉన్నాయి.

మరి ఆ 3 బస్తాలు? పేడ గుంటలో కలిపి కంపోస్టు చేయమని ఒకరు, బాగా కరిగిపోతుందని ఇంకొకరు అంటున్నారు.

ఆవుపేడ_చాలు · జూలై 3, ఉదయం 6:05

చేయండి. పేడ, ఆకు, రాతిపొడి కలిపి మూడు, నాలుగు నెలలు మాగనివ్వండి.

పరీక్షనాళిక · జూలై 3, ఉదయం 8:40

ఇందులో ఆవుపేడ చాలు గారితో ఏకీభవిస్తాను, ఒక షరతుతో. గుంటలో ఆమ్లాలు పుట్టేది మొదటి దశలో. మాగిన కంపోస్టు పీహెచ్ మళ్ళీ ఏడు, ఏడున్నరకు వస్తుంది. అందుకే రాతిపొడిని మొదటి రోజే కలపాలి, చివర్లో చల్లితే లాభం లేదు. కట్టెల బూడిద అసలు వేయకూడదు, అదీ సున్నానికి చుట్టమే. పూర్తిగా కరగదు, కొంత కరుగుతుంది. మిగిలిన రాయి కూడా సేంద్రియ పదార్థం పక్కనే ఉంటుంది, కాల్షియాన్ని అది పట్టుకుంటుంది. ప్రోమ్ (ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్న సేంద్రియ ఎరువు) పేరుతో కొట్లలో అమ్మేది ఈ కోవకు చెందినదే, అందులో 10.4 శాతం పీ2ఓ5 ఉండాలని ప్రమాణం.

బెంగళూరులో కూర్చుని కంపోస్టు గురించి నేను చెప్పడమేమిటి. 1939లో ఆచార్య గారు ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రూపొందించిన గుంట పద్ధతికి ఈ ఊరి పేరే ఉంది.

ఎర్రనేల_రెండెకరాలు · జనవరి 11, మధ్యాహ్నం 3:30

ఆరు నెలలకు తిరిగి వచ్చాను, క్షమించండి.

సూపర్, పశువుల ఎరువు గీతలో వేసిన టమాటా ఈసారి ఊదారంగు చూపలేదు. వాన భాగంలో ఆరు సాళ్ళ రాగికి ఒక సాలు కంది వేశాను. ట్రాక్టరు డ్రైవరు సణిగాడు. కోలారు రాగి గారి మాట చెప్పాను, ఇంకా సణిగాడు. కంది ఇప్పుడు కాయ మీద ఉంది. ఈసారి ఈశాన్యం మూల పక్కనే రాయి వేయని పది సెంట్లు కూడా గుర్తు పెట్టి వదిలాను, వచ్చే ఏడు పోల్చడానికి.

కంపోస్టు గుంట ఒక బస్తాతో చేశాను. రెండు బస్తాలు షెడ్డులోనే ఉన్నాయి.

కాఫీగింజ · జనవరి 11, సాయంత్రం 4:10

ఆ రెండు బస్తాలూ మాకు ఇచ్చేయండి. సంక్రాంతికి బెంగళూరు వస్తున్నాను, తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో వేసుకుపోతాను. బదులుగా కాఫీ గింజలు రెండు కిలోలు.

సూటిమాట · జనవరి 11, సాయంత్రం 4:15

రెండు బస్తాల రాయికి రెండు కిలోల కాఫీయా! నా కొట్టులో అమ్ముడుపోనివి ఇంకా ఆరు బస్తాలున్నాయి, కాఫీగింజ గారూ. ఎప్పుడు వస్తారు?